కోట ఇవ్వని తమ్ముడు

పోయిన వారం నరసరావుపేటలో పాత జిన్నింగు మిల్లు ఇంజిన్ని ఇనప సామాను కింద అమ్మేశారని మా మనవడు చెప్పాడు. గ్యాసు పెట్టి ముక్కలుగా కోశారట. "అంత పెద్ద చక్రం తాతా, లారీ ఎక్కించలేక చచ్చారు" అన్నాడు. వాడికి అది చక్రం. నాకు మాత్రం ఆ మాట వినగానే దాన్ని బిగించిన మనిషి గుర్తొచ్చాడు. గుర్తొచ్చిన దగ్గర్నుంచి అన్నం సరిగా దిగడం లేదు.

అతని పేరు చెప్పను. పలకబోతే అప్పట్లోనే మా నాలుకలు మడతపడేవి. మిల్లులో అందరం ఇంజిను దొర అనేవాళ్ళం. "దొర అంటే ఇంగిలీషోడు, నేను కాదు" అని మొదట్లో గింజుకున్నాడు. మేం వింటామా, పెట్టిన పేరు పెట్టినట్టే ఉండిపోయింది.

ఒక సంగతి ముందే చెప్పేస్తాను. చివరిదాకా దాచి అప్పుడు గుప్పిట తెరిచే ఓపిక నాకు ఎప్పుడూ లేదు. ఆ మనిషికి వాళ్ళ దేశంలో ఒక అన్న ఉండేవాడు. ఆ అన్న బతకాలా చావాలా అన్నది మా ఇంజిను షెడ్డులో, వేరుశనక్కాయల పందెం మీద తేలింది. తేల్చినవాళ్ళకి తాము తేలుస్తున్నది ఏమిటో తెలియదు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఈ ముక్క రాస్తుంటే నేను రాస్తున్నది నిజమేనా అని నాకే అనుమానం వస్తోంది.

యుద్ధం రాకముందు ఎండాకాలంలో వచ్చాడతను. ఇంజిను చెక్కపెట్టెల్లో మద్రాసు రేవులో దిగింది, దాని వెనకే అతనూ దిగాడు. బిగించి, నడిపి చూపించి, మూణ్ణెల్లలో వెళ్ళిపోవాలి. ఓడ సముద్రంలో ఉండగానే వాళ్ళ దేశాన్ని జర్మనీవాడు మింగేశాడు. బయల్దేరినప్పుడు ఉన్న దేశం దిగేసరికి లేదు. ఈ సంగతి మా మిల్లు షావుకారు ఇంట్లో చెబితే, షావుకారు తల్లి, మేమంతా పెద్దమ్మ అని పిలిచే ఆవిడ, నమ్మలేదు. "దేశం పోవడమేంది రా, గొడ్డా తోలుకుపోవడానికి?" అంది. తర్వాత తెలుగు వచ్చాక దొర ఆ మాటకి జవాబు చెప్పాడు. "గొడ్డే అమ్మా. తాడు పట్టుకుని తోలుకుపోయారు" అన్నాడు.

అలా మా మిల్లులో ఉండిపోయాడు. నేనక్కడ గుమాస్తాని. మనిషి పొడుగు. పల్నాడు ఎండకి మొదటి ఏడాది పొక్కిపోయాడు, రెండో ఏడాదికి మా రంగుకి సగం దూరం వచ్చాడు. ఖాకీ నిక్కరు, మోకాళ్ళదాకా మేజోళ్ళు. ఎప్పుడూ కూర్చునేవాడు కాదు, భోజనం కూడా నిలబడే. గోంగూర పచ్చడి కళ్ళనీళ్ళు కారుతుండగా తినేవాడు. వద్దులే దొరా అంటే పళ్ళెం వెనక్కి లాక్కునేవాడు.

ఇంజిను ఆరోగ్యం వేపకర్రతో చూసేవాడు. కర్ర ఒక కొస ఇంజినుకి ఆనించి రెండో కొస చెవిలో పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. "దగ్గుతోంది" అనేవాడు, లేకపోతే "నిద్ర సరిపోలా" అనేవాడు. ఇది చూసి రాజుపాలెం నుంచి ఒక రైతు మేత ముట్టని గేదెని తోలుకొచ్చాడు. దొర నవ్వలేదు. గేదె పొట్టకి కర్ర ఆనించి చానాసేపు విన్నాడు. చివరికి "ఇది నాకు రాదు, క్షమించండి" అన్నాడు. ఆ క్షమించండి గేదెకి చెప్పాడో రైతుకి చెప్పాడో ఎవరికీ అర్థం కాలేదు.

తెలుగు అతనికి ఇద్దరు నేర్పారు. మిల్లు మెకానిక్కు మస్తాన్ మేస్త్రీ ఒకరు, పెద్దమ్మ ఒకరు. అందుకని అతని తెలుగు సగం రెంచీల భాష, సగం వంటింటి భాష. తనిఖీకి వచ్చిన పెద్ద ఆఫీసర్ని "ఏంది, కూర్చో" అన్నాడు. పత్తి బండ్ల ఎద్దుల్ని మాత్రం "మీరు కాస్త జరగండి" అనేవాడు. షావుకారు తలకొట్టుకుని, మన్నన ఎవరికి ఇవ్వాలో విడమరిచి చెప్పాడు. దొర అంతా విని, "ఎద్దులే చానా పని చేస్తున్నయి గదా" అన్నాడు. మార్చుకోలేదు.

ఇంటి సంగతులు ఎక్కువ చెప్పేవాడు కాదు. నాన్న పోయాడనీ, అన్న బడిపంతులనీ, అన్నకి ఇద్దరు పిల్లలనీ మాత్రం తెలుసు. "మా అన్న బోర్డు మీద గీత గీస్తే స్కేలు అక్కర్లే" అని ఒకసారి మెచ్చుకున్నాడు. అంతే.

కానీ ఒక వంశం పిచ్చి ఉండేది. వాళ్ళ ఊళ్ళో ఏటి ఒడ్డున గుట్ట మీద ఒక కోట ఉందట. ఆరేడు వందల ఏళ్ళ కిందట ఆ కోట కొంతకాలం ఒక పెద్ద ఇంటివాళ్ళ చేతిలో ఉండేదట. రాజుని మించిన రాజులు. వాళ్ళ జెండా మీద ఐదు రేకుల గులాబీ. ఇంజిను ఆగాక షెడ్డులో నేల మీద నూనె వేలితో ఆ గులాబీ గీసి కథ మొదలుపెట్టేవాడు. యుద్ధంలో నూనెకి కరువొచ్చి ఇంజిను వారంలో సగం రోజులు ఆగే ఉండేది, మాకు కథలకి కొదవ లేకపోయింది.

"అది మీ వంశమా?" అని పెద్దమ్మ అడిగింది.

"కాదమ్మా. మా వాళ్ళు ఆ కోట కింద గడ్డి కోసేవాళ్ళు."

"మరి వాళ్ళ గొడవ నీకేంది?"

"గడ్డి కోసేవాడికే కోట బాగా కనపడుద్దమ్మా" అన్నాడు.

ఆ వంశానికి మూలపురుషుడు ఒక ముసలాయన. ఐదుగురు కొడుకులు. పోయేముందు భూమి పంచి, ఒక్కొక్కడికి ఒక్కో రంగు గులాబీ ఇచ్చాడట జెండాకి. ఐదోవాడు పెళ్ళాడని ఆడమనిషికి పుట్టినవాడు, వాడికి నల్ల గులాబీ. ఇది విని పెద్దమ్మ తల ఊపింది. "నల్లదైనా ఇచ్చాడుగా. మనోళ్ళయితే ముల్లు గూడా ఇయ్యరు" అంది. ఆ ఇంటి ఆడకూతురు ఒకామె చనిపోయి ఇప్పటికీ కోటలో తెల్లబట్టలతో తిరుగుతుందనీ, చేతికి నల్ల తొడుగులుంటే ఎవరో పోతారనీ చెప్పినప్పుడు మాత్రం మాకు నవ్వొచ్చింది. దయ్యానికి చలేంది అన్నాడు మస్తాన్.

ఇక్కడ పెద్దమ్మ ఇంటి అలవాటు ఒకటి చెప్పాలి. ఆవిడ పుట్టిల్లు కారెంపూడి వైపు. ఏటా వీరుల ఉత్సవంలో కత్తులు పట్టుకుని కథ పాడతారు కదా, ఆ పాడేవాళ్ళని నడిమధ్యలో నిలిపి "ఆగు, ఇక్కడ తప్పెవరిది?" అని అడగడం ఆ ఇంటివాళ్ళకి రివాజు. విన్నవాళ్ళు రెండు పక్షాలై తగువు తేల్చిందాకా కథ ముందుకి కదలకూడదు. ఓడిన పక్షం వేరుశనక్కాయలు తేవాలి. దొర కథలకీ ఆవిడ అదే షరతు పెట్టింది. అతనికి ఇది చచ్చేంత ఇష్టం. తగువు వచ్చే చోట తనే ఆగి, "చెప్పండి" అని చేతులు కట్టుకునేవాడు. పెద్దమ్మ ఒక పక్షం, మస్తాన్ ఎదురు పక్షం. షావుకారు ఎప్పుడూ తల్లి వైపే. గుమాస్తాకి ఓటు లేదు.

ఒక రోజు మాచర్ల రైలుబండిలో తెల్ల సూటు వేసుకున్న మనిషి దిగాడు. దొర దేశంవాడు, బొంబాయి నుంచి వచ్చాడు. ఇద్దరూ షెడ్డు వెనక పత్తి బేళ్ళ దగ్గర నిలబడి మధ్యాహ్నం దాకా వాళ్ళ భాషలో మాట్లాడుకున్నారు. నేను రెండుసార్లు టీ పంపాను, రెండుసార్లూ చల్లారిపోయి తిరిగొచ్చింది. సాయంత్రం బండికి అతను వెళ్ళిపోయాడు. ఎవరని అడిగితే "మా ఊరివైపు వాళ్ళు" అన్నాడు దొర.

మర్నాడు సాయంత్రం ఎవరూ అడక్కుండానే కథ ఎత్తుకున్నాడు. అంతకుముందు ఎన్నడూ చెప్పని కథ.

"రాజు యుద్ధంలో చచ్చాడు. రాజు కొడుకు చానా చిన్నవాడు. రాణి వయసులో ఉంది. గులాబీల ఇంట్లో పెద్దన్న ఆ రాణిని పెళ్ళి చేసుకున్నాడు. ఇప్పుడు రాజ్యం ఎవరిది?"

"పెళ్ళాడినోడిదే, అడగాల్నా?" అన్నాడు మస్తాన్.

ఆ మారుతండ్రి కొన్నాళ్ళు దేశాన్ని ఏలాడు. రాణి పోయింది. పిల్లరాజు పెద్దవాడయ్యాడు, చెప్పుడు మాటలు విన్నాడు. ఒక రోజు కబురు పెట్టి రమ్మన్నాడు. గులాబీల పెద్దన్న వచ్చాడు. వచ్చినవాణ్ణి వచ్చినట్టే పట్టుకుని బురుజులో వేశారు.

"పిలిచి పట్టుకున్నాడా?" అంది పెద్దమ్మ. వక్క కత్తిరించడం ఆపేసింది. ఇంటికి పిలిచిన మనిషిని పట్టుకోవడం ఆవిడకి ఊహకందని పని.

రెండో రోజు మిగతాది. కోటలన్నీ అప్పజెప్పమన్నాడు రాజు. జైల్లో ఉన్నవాడు ఒప్పుకోలేదు. అప్పుడు అతని చేతులు కట్టి, సైన్యం వెంటబెట్టి, ఒక్కొక్క కోట ముందుకి నడిపించుకుపోయారు. కోట లోపల ఉన్నది తమ్ముళ్ళూ చుట్టాలూ. తలుపు తీస్తారా, ఇతని తల తియ్యమంటారా అని కేకవేసి అడిగేవారు. ఒక కోట తలుపు తీసింది. ఇంకొకటీ తీసింది. "అలా నడుచుకుంటూ మా ఊరి కోట కిందికి వచ్చారు" అన్నాడు దొర. గడ్డి మైదానంలో అన్నని మోకాళ్ళ మీద కూర్చోబెట్టారు. గోడ మీద తమ్ముడు నిలబడి ఉన్నాడు.

అక్కడ ఆగాడు. ఎప్పుడూ నిలబడే మనిషి, ఆ రోజు నూనె మరకల నేల మీద చతికిలబడ్డాడు.

"చెప్పండి. తమ్ముడు తలుపు తియ్యాల్నా వద్దా?"

పల్నాడులో పుట్టినవాళ్ళకి చిన్నప్పుడే ఒక జబ్బు అంటుకుంటుంది. కథలో తల తెగబోతోందంటే మా ఛాతీలు పొంగుతాయి. పెద్దమ్మకి ఆలోచనే పట్టలేదు.

"తియ్యగూడదు. ఒకడి తలకి బెదిరి గుమ్మం అప్పజెప్తే రేపు ఇంకొకడి తల పట్టుకొస్తాడు. ఇయ్యనే ఇయ్యగూడదు."

"అట్టా కాదమ్మా" అన్నాడు మస్తాన్. "కోట రాళ్ళు. కూలితే మళ్ళీ కట్టుకోవచ్చు. అన్నని ఎవుడు కడతాడు?"

"అన్నకి మాత్రం తలుపు తియ్యాలని ఉంటదంట్రా? వాడే జైల్లో ఒప్పుకోలేదుగా. తమ్ముడు తీస్తే అన్న మొహాన ఉమ్మేసినట్టే."

"ఆయన ఒప్పుకోకపోతే అది ఆయన తల, ఆయనిష్టం. తమ్ముడెవరు ఒప్పుకోకపోవడానికి?"

చాలాసేపు వాదించుకున్నారు. దొర మస్తాన్ వైపు చూడనే లేదు. పెద్దమ్మ నోటివైపే చూస్తున్నాడు. "ఆ వంశం తర్వాత నిలిచిందా?" అని ఆవిడ అడిగింది. "నిలిచింది. చానా వందల ఏళ్ళు నిలిచింది" అన్నాడు. "మరింకేం, ఇచ్చుండడు, అందుకే నిలిచింది" అంది ఆవిడ. షావుకారు అవునన్నాడు. మస్తాన్ ఓడిపోయాడు.

"ఖాయమా అమ్మా?" అన్నాడు దొర.

"ఖాయం."

"మళ్ళీ ఆలోచించి చెప్పు."

"ఆలోచించేదేంది? నేనైనా ఇయ్యను."

మస్తాన్ వెళ్ళి వేరుశనక్కాయలు తెచ్చాడు. దొర ఒక్కటీ నోట్లో వేసుకోలేదు. కాయలు వలిచి గింజలు పెద్దమ్మ చేతిలో పోస్తూ కూర్చున్నాడు. "నిజంగా ఏం చేశాడు తమ్ముడు?" అని ఆవిడ అడిగితే, "ఇవ్వలేదు. ఆ మైదానంలోనే తల తీశారు. మా నాన్న అక్కడ గడ్డి కోసేటప్పుడు టోపీ తీసి పక్కన పెట్టేవాడు" అన్నాడు. చూశావా అన్నట్టు పెద్దమ్మ మస్తాన్ వైపు చూసింది. మస్తాన్ ఒకటే అడిగాడు, అంత చేశాక ఆ కోట దక్కిందా అని. "రేపు" అన్నాడు దొర.

ఆ రేపు రాలేదు. మర్నాడే షావుకారు దగ్గరికి వెళ్ళి, మా దేశంవాళ్ళు జర్మనీవాడి మీదికి పరదేశంలో పటాలం కడుతున్నారు, బండ్లు బాగుచేసేవాళ్ళు కావాలంట, పోతాను అని చెప్పాడు. వారం తిరక్కుండా వెళ్ళిపోయాడు. స్టేషనుకి మిల్లు మిల్లంతా వెళ్ళాం. పెద్దమ్మ బొట్టు పెట్టి, జాడీతో పచ్చడి ఇచ్చింది. "గెలిచి రా" అంది. దొర వంగి ఆవిడ పాదాలు ముట్టుకున్నాడు. ఎక్కడ నేర్చుకున్నాడో అని మేం మురిసిపోయాం. మా మురిపెం తలుచుకుంటే నాకు ఇప్పుడు సిగ్గేస్తుంది.

యుద్ధం ముగిసిన మరుసటేడు, పత్తి బండ్లు వచ్చే రోజుల్లో, తిరిగొచ్చాడు. ముందు చెప్పలేదు, రాయలేదు. మాచర్ల బండి దిగి నడుచుకుంటూ మిల్లుకి వచ్చాడు. జుట్టంతా తెల్లబడింది. అతనికి అప్పటికి నలభై కూడా లేవు. మస్తాన్ పరుగెత్తి వెళ్ళి కౌగలించుకున్నాడు. "ఇంజిను చూసిపోదామని" అన్నాడు దొర. సముద్రాలు దాటి ఇంజిను చూడ్డానికి ఎవరైనా వస్తారా అని మాకు తట్టలేదు. వచ్చాడు కదా, అదే చాలనుకున్నాం.

సాయంత్రం షావుకారు ఇంటి అరుగు మీద అందరం చేరాం. పెద్దమ్మకి చూపు మందగించింది, అతని చెయ్యి పట్టుకుని దగ్గర కూర్చోబెట్టుకుంది. కూర్చున్నాడు. పిల్లాపాపల సంగతులు, పంటల సంగతులు అయ్యాయి. అప్పుడు ఆవిడ మామూలుగా అడిగింది.

"మీ అన్న పంతులన్నావు గదా నాయనా, బాగున్నాడా?"

"తల తీశారమ్మా" అన్నాడు.

పెద్దమ్మ నవ్వింది. "ఆ కథ కాదయ్యా. మీ అన్న, మీ సొంత అన్న."

"మా సొంత అన్నకేనమ్మా."

మాకు తెలుగు తెలుసు, అతను మాట్లాడిందీ తెలుగే. అయినా ఆ మాట మాలో ఎవరికీ లోపలికి వెళ్ళలేదు. షావుకారు నా మొహం చూశాడు, నేను మస్తాన్ మొహం చూశాను. ఈ కాలంలో తల తియ్యడమేమిటి? కత్తులూ కోటలూ ఉన్న రోజుల్లో కదా అది? దొర ఆగి ఆగి చెప్పుకుపోయాడు. ఎవరైనా పరదేశం పోయి ఆ పటాలంలో చేరితే ఇంటిదగ్గర ఉన్న అన్నదమ్ముల్ని, అమ్మానాన్నల్ని పట్టుకుంటామని జర్మనీవాళ్ళు ముందే చెప్పారట. ఇతను చేరాడు. కొన్నాళ్ళకి అన్నని బడిలోంచి తీసుకుపోయారు. లోపల వేశాక ఇంకేవో నేరాలు అంటగట్టారు. వాళ్ళ రాజధానిలో జైలుంది, ఆ జైల్లో తల తీసే మిషను ఒకటి బిగించారు. అక్కడ.

మిషను అన్న మాట అతని నోటి నుంచే వచ్చింది. జీవితమంతా మిషన్లతో బతికిన మనిషి.

మస్తాన్ అరుగు దిగి నేల మీద కూర్చున్నాడు. వేరుశనక్కాయల పొట్టు, నేల మీద నూనెతో గీసిన గులాబీ, "ఖాయం" అన్న మాట, అన్నీ ఒక్కసారి నా మీద పడ్డాయి. పెద్దమ్మ అతని చెయ్యి వదిలేసింది.

"నువ్వు పోతే ఇట్టా అవుద్దని నీకు తెలుసా?"

"తెలుసు. బొంబాయి నుంచి వచ్చినాయన దాచకుండా చెప్పాడు. రాత్రంతా... అమ్మా, నాకు తోచలేదు."

"తెలిసి మమ్మల్ని కథ అని అడిగావా?"

"మా అన్న అని అడిగితే మీరు జాలిపడతారు. జాలితో చెప్పింది తీర్పు కాదుగా."

మస్తాన్ కింద నుంచి అన్నాడు. "ఆ కోట దక్కిందా అంటే రేపు చెప్తానన్నావు. ఇప్పుడు చెప్పు దొరా."

"దక్కలే మేస్త్రీ. కోట రాజుకే పోయింది. తమ్ముడు దేశం వదిలి పోయాడు, తిరిగి రాలే. వంశం నిలిచింది వేరే అన్నదమ్ముల వల్ల. ఆ ముక్క నేను దాచా."

"ఎందుకు దాచావు?"

"చెబితే అమ్మ వేరే మాట చెబుద్దేమోనని."

ఇది నాకు అన్నిటికన్నా పెద్ద దెబ్బ. అతను మమ్మల్ని అడిగింది నిజమే, కానీ ఏ జవాబు కావాలో ముందే పట్టుకొచ్చి అడిగాడు. అతనికి కావాల్సింది మా పౌరుషమే, మేం దోసిళ్ళతో ఇచ్చాం. కోపం తెచ్చుకుందామంటే ఆ తెల్లజుట్టు చూసి కోపం రాలేదు, జాలిపడదామంటే జాలీ రాలేదు.

"మా ఊళ్ళో నాకు దండలు వేశారు" అన్నాడు దొర. "బడిపిల్లలు వరసగా నిలబడి పాట పాడారు. వీరుడని ఉపన్యాసం చెప్పారు. మా వదిన ఒక్కత్తే తలుపు తియ్యలేదు. అమ్మా, నువ్వు ఆ రోజు చెప్పావు గదా. అదే మాట ఇంకొక్కసారి చెప్పు. ఇయ్యగూడదని చెప్పు. నేను విని పోతా."

అందుకు వచ్చాడు. ఓడెక్కి, రైళ్ళెక్కి, ఆ ఒక్క మాట రెండోసారి వినడానికి వచ్చాడు. చెబితే బతికిపోతాడనీ, చెప్పకపోతే ఏమవుతాడో తెలియదనీ మా అందరికీ అర్థమైంది. షావుకారు తల్లి భుజం మీద చెయ్యి వేసి, "చెప్పమ్మా, పోనీలే" అన్నాడు మెల్లగా. పెద్దమ్మ తన జన్మలో ఆడిన మాట వెనక్కి తీసుకోలేదు. పొలం గట్టు తగాదాలో పాలివాళ్ళతో కోర్టు మెట్లరిగేలా తిరిగిందే కానీ రాజీకి రాలేదు. ఇప్పుడు మాత్రం ఒక్క మాటే కదా, అనేస్తుందనుకున్నాను.

"చెప్పను" అంది.

దొర ఆవిడ దగ్గరికి ఇంకాస్త జరిగాడు.

"అప్పుడది కథ నాయనా. కథలో ఎవుడి తల తెగితే నాకేం? వక్క నములుకుంటా చెప్పా. అది నీ అన్న అని తెలిసుంటే నీ కాళ్ళకి అడ్డం పడుకునేదాన్ని. బడిపిల్లకాయలకి గీతలు గీసే మనిషిని చంపుకుని నిలబెట్టే కోట ఏం కోట? మస్తాన్ చెప్పిందే మాట. తలుపు తియ్యాల్సింది."

ఇతను ఇక్కడే కూలిపోతాడు అనుకుని నేను ముందుకి ఒక అడుగు వేశాను. అతను కూలిపోలేదు. రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చాడు. అంత పొడుగు మనిషి, భుజాలు కదిలిపోతుంటే, ఆవిడ పక్కన ముడుచుకుని ఏడ్చాడు. ఏడుస్తూనే అన్న మాట నాకు ఇప్పటికీ స్పష్టంగా గుర్తుంది. "మా ఊళ్ళో ఒక్కళ్ళూ అనలేదమ్మా ఈ మాట. ఒక్కళ్ళూ తిట్టలేదు."

పెద్దమ్మ అతని తల మీద చెయ్యి వెయ్యలేదు. వేస్తుందేమోనని చూశాను. వెయ్యలేదు. అతని ఏడుపు తగ్గేదాకా ఊరుకుని, ఇంట్లోంచి మంచినీళ్ళు తెప్పించింది. తాగాడు. తాగాక అడిగాడు.

"ఇప్పుడు నేనేం చెయ్యాల్నమ్మా?"

"మీ అన్న పిల్లలు ఎంతెంత వాళ్ళు?"

"పెద్దవాడు పన్నెండు. చిన్నది తొమ్మిది."

"పో. పోయి మీ వదిన గుమ్మంలో కూర్చో."

"తలుపు తీస్తదా?"

"తియ్యదు. నేనైతే తియ్యను" అంది పెద్దమ్మ. "అయినా కూర్చో. పిల్లలు బడికి పోవాలిగా, బయటికి వస్తారు."

పొద్దున బండికే దొర వెళ్ళిపోయాడు.